ఏపీఐ క్యూసీ నుంచి ఫార్ములేషన్ స్టెబిలిటీకి: ఒకే ఓపెనింగ్ కోసం రెజ్యూమె తిరగరాసిన కేసు

నేపథ్యం

అభ్యర్థి చదివింది ఎమ్మెస్సీ అనలిటికల్ కెమిస్ట్రీ. కోస్తా వైపు ఒక బల్క్ డ్రగ్ ప్లాంటు క్యూసీ (క్వాలిటీ కంట్రోల్, అంటే నాణ్యత పరీక్షల) ల్యాబ్‌లో అయిదున్నరేళ్ల అనుభవం ఉంది. తయారీ మధ్యలో తీసే ఇన్‌ప్రాసెస్ శాంపిళ్లతో మొదలుపెట్టి ఫినిష్డ్ ప్రొడక్ట్ హెచ్‌పీఎల్‌సీకి (శాంపిల్లోని పదార్థాలను విడదీసి కొలిచే మెషీన్), అక్కణ్నుంచి స్టెబిలిటీకి (నిల్వలో మందు ఎన్నాళ్లు చెడకుండా ఉంటుందో చూసే పరీక్షలు) వెళ్లింది. చివరి రెండేళ్లు మెథడ్ వాలిడేషన్‌తో (పరీక్ష పద్ధతి నమ్మదగిందని రుజువు చేయడం) పాటు ల్యాబ్ ఇన్వెస్టిగేషన్లు (ఫలితం తేడా వస్తే కారణం వెతకడం) కూడా చూసింది. కుటుంబ కారణాలవల్ల హైదరాబాద్ మారాల్సి వచ్చింది. ఈ వంకతోనే ఏపీఐ నుంచి ఫార్ములేషన్ వైపు కూడా రావాలనుకుంది. ప్లాంట్లు, మందులు, మనుషులు ఎవరో తెలిసే వివరాలన్నీ తీసేశాను.

ఫార్మా బయటివాళ్ల కోసం ఒక మాట. ఏపీఐ, అంటే బల్క్ డ్రగ్, మందులో పనిచేసే అసలు పదార్థం. దాన్ని మాత్రగానో క్యాప్సూల్‌గానో చేసేది ఫార్ములేషన్ ప్లాంటు. రెండు చోట్లా క్యూసీ ల్యాబ్ ఉంటుంది, అవే మెషీన్లు, దాదాపు అవే గైడ్‌లైన్లు. అయినా ఫార్ములేషన్ వాళ్లు ఏపీఐ రెజ్యూమె చూడగానే పక్కన పెట్టే అలవాటు గట్టిగా ఉంది. కారణం డిసొల్యూషన్. మాత్ర కడుపులో ఎంతసేపట్లో కరిగి మందు విడుదల చేస్తుందో చూసే ఈ పరీక్ష ఏపీఐ ల్యాబ్‌లో ఉండదు. ఆ ఒక్కటి లేదని మిగతా తొంభై శాతం పని తెలిసినవాళ్లని కూడా వదిలేస్తుంటారు.

వచ్చిన సమస్య

మూడు నెలల్లో ముప్పైకి పైగా ఓపెనింగ్‌లకి అప్లై చేస్తే రెండే ఫోన్లు వచ్చాయి. రెండూ షిఫ్టుల్లో ఇన్‌ప్రాసెస్ కెమిస్ట్ ఉద్యోగాలకే. అంటే ఆమె నాలుగేళ్ల కింద వదిలేసిన పనికి.

రెజ్యూమె నాలుగు పేజీలుంది. మొదటి పేజీలో సగం కెరీర్ ఆబ్జెక్టివ్, పదో తరగతి నుంచి మార్కుల టేబుల్. మిగతా సగం పద్నాలుగు ఇన్‌స్ట్రుమెంట్ల జాబితా: హెచ్‌పీఎల్‌సీ, జీసీ, కార్ల్ ఫిషర్, పీహెచ్ మీటరు, తూకం వేసే బ్యాలెన్స్, అన్నీ ఒకే స్థాయిలో. ఉద్యోగ అనుభవం రెండో పేజీలో మొదలవుతుంది. చివరి పేజీలో తండ్రి పేరు, పుట్టిన తేదీ, వివాహ స్థితి, తెలిసిన భాషలు, ‘పై వివరాలన్నీ నిజమని ప్రకటిస్తున్నాను’ అనే డిక్లరేషన్, కింద సంతకానికి జాగా.

హెచ్‌ఆర్ మొదట చూసేది పై సగం పేజీ. అందులో ‘స్టెబిలిటీ’ అన్న మాట లేదు, ‘వాలిడేషన్’ లేదు. ఆమెను అసలు ఎందుకు తీసుకోవాలో చెప్పే వాక్యాలు మూడో పేజీ మధ్యలో, ఒక్కో లైనులో అయిదేసి పదాలుగా ఉన్నాయి. చదివిన వాళ్లకి కనిపించేది ఇన్‌ప్రాసెస్ కెమిస్టే కాబట్టి ఆ ఉద్యోగాలకే పిలిచారు. వాళ్లు చేసింది తప్పేం కాదు.

అప్పటిదాకా చేసిన ప్రయత్నాలు

మొదటిది అందం. ఆన్‌లైన్‌లో దొరికే రెండు కాలమ్‌ల టెంప్లేట్‌లోకి రెజ్యూమె మార్చారు. ఎడమ పక్క రంగు పట్టీలో స్కిల్స్, ఒక్కోదాని పక్కన అయిదు చుక్కల రేటింగ్. దీన్ని జాబ్ పోర్టల్‌లో ఎక్కిస్తే తేదీలన్నీ చెల్లాచెదురయ్యాయి. కంపెనీ పేరు స్కిల్స్ గడిలో పడింది, ఎడమ కాలమ్ వాక్యాలు కుడి కాలమ్ వాక్యాల మధ్య దూరాయి. పోర్టల్ సాఫ్ట్‌వేర్ ఫైల్లోంచి అక్షరాలను మాత్రమే లాగుతుంది. టెక్స్ట్ బాక్సులు, టేబుళ్లు, హెడర్‌లో పెట్టిన ఫోన్ నంబరు దానికి సరిగా అందవు. ఇది తెలుసుకోవడానికి ఖర్చేం లేదు. ఫైలు తెరిచి అంతా సెలెక్ట్ చేసి కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయాలి. అక్కడ వరుసగా చదవగలిగితే పోర్టల్ కూడా చదవగలదు. చదవలేకపోతే టెంప్లేట్ ఎంత బాగున్నా వదిలేయాల్సిందే.

రెండోది పదాలు కుక్కడం. ‘ఏటీఎస్ స్కోరు’ (రెజ్యూమెలు వడపోసే సాఫ్ట్‌వేర్‌కి మనది ఎంత సరిపోతుందన్న అంకె) చూపించే ఒక ఉచిత సైట్‌లో రెజ్యూమె పెడితే నలభై చిల్లర వచ్చింది. అది పెరగాలని ఓ ఓపెనింగ్‌లోని లైన్లను యథాతథంగా రెజ్యూమెలోకి ఎత్తుకొచ్చారు: డిసొల్యూషన్, కంటెంట్ యూనిఫార్మిటీ, ఓఎస్‌డీ, అంటే మాత్రలు, క్యాప్సూళ్ల అనుభవం, అన్నీ. స్కోరు ఎనభై దాటింది. ఆ స్కోరు ఆ సైట్ సొంత లెక్క, ఏ కంపెనీ హెచ్‌ఆర్ కీ కనిపించదు. అయినా పదాలు ఉన్నందువల్ల ఒక ఫార్ములేషన్ కంపెనీ నుంచి పిలుపు వచ్చింది.

టెక్నికల్ రౌండ్‌లో అడిగిన రెండో ప్రశ్నే ఇది: “డిసొల్యూషన్‌లో ఎస్1లో ఒక టాబ్లెట్ క్యూ ప్లస్ 5 కంటే తక్కువ వచ్చింది. తర్వాతేం చేస్తారు మేడం?” ఎస్1 అంటే 6 టాబ్లెట్లతో చేసే మొదటి దశ, క్యూ అంటే నిర్ణీత సమయానికి కరగాల్సిన మందు శాతం. రోజూ డిసొల్యూషన్ చేసేవాళ్లకి నిద్రలో లేపి అడిగినా వచ్చే జవాబు. మరో 6 యూనిట్లు చేయాలి, మొత్తం 12 సగటు క్యూకి తగ్గకూడదు, ఏ ఒక్కటీ క్యూ మైనస్ 15 శాతం కంటే కిందికి పోకూడదు. ఆమె దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత ప్యానెల్ రెజ్యూమెలోని మిగతా లైన్లని కూడా నమ్మలేదు. ఆమె నిజంగా చేసిన వాలిడేషన్ పని గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకుండానే ముగించారు. ఆరు నెలలదాకా మళ్లీ అప్లై చేయడానికి వీల్లేదని హెచ్‌ఆర్ చెప్పారు.

ఈ కేసులో అందరూ పట్టించుకోని నష్టం ఇదే. లేని ఒక్క స్కిల్ రాసుకుంటే పోయేది ఆ స్కిల్ మార్కులు మాత్రమే కాదు. దాని పక్కనున్న నిజాలు కూడా అబద్ధాల లెక్కలోకి పోతాయి.

మూడో ప్రయత్నం కన్సల్టెన్సీ. ‘ఫార్వర్డ్ చేస్తాం’ అన్నారు, అదే పాత రెజ్యూమెను. దాని గురించి చెప్పడానికి ఇంకేమీ లేదు.

ఏ ఓపెనింగ్ మీద పని పెట్టాలి

ప్రతి ఓపెనింగ్‌కీ రెజ్యూమె తిరగరాయడం కుదరదు, అవసరం కూడా లేదు. ఒక్కోదానికి రెండు గంటలు పడుతుంది. అందుకే ముందు వడపోత పెట్టాం. ఓపెనింగ్‌లో ‘తప్పనిసరి’ అని ఉన్నవాటిలో కనీసం మూడింట రెండు వంతులు ఆమె సొంత చేత్తో చేసి ఉండాలి. ‘ఉంటే మంచిది’ అన్నవాటిని ఈ లెక్కలోకి తీసుకోలేదు. ఈ వడపోతలో వారంలో వచ్చినవాటిలో చాలా వరకు పోయి ఒకటి నిలిచింది. ఓఎస్‌డీ ప్లాంటులో క్యూసీ ఎగ్జిక్యూటివ్, స్టెబిలిటీ అండ్ ఏఎంవీ, 4 నుంచి 7 ఏళ్ల అనుభవం. ఏఎంవీ అంటే అనలిటికల్ మెథడ్ వాలిడేషన్.

దాని జేడీలో (జాబ్ డిస్క్రిప్షన్, అంటే ఉద్యోగ వివరణ) ఉన్నవి, సారాంశంగా:

- షెడ్యూలు ప్రకారం స్టెబిలిటీ శాంపిళ్ల చార్జింగ్, విత్‌డ్రాయల్, పరీక్షలు
- హెచ్‌పీఎల్‌సీలో అస్సే (అసలు మందు ఎంతుందో), రిలేటెడ్ సబ్‌స్టాన్సెస్ (మలినాలు), డిసొల్యూషన్
- ఐసీహెచ్ (మందులకి అంతర్జాతీయ గైడ్‌లైన్లు ఇచ్చే సంస్థ) క్యూ2 ప్రకారం వాలిడేషన్, వెరిఫికేషన్, మెథడ్ ట్రాన్స్‌ఫర్
- ఓఓఎస్ (లిమిట్ దాటిన ఫలితం), ఓఓటీ (లిమిట్‌లోపలే ఉన్నా మామూలు తీరుకి భిన్నమైన ఫలితం), ల్యాబ్ ఇన్సిడెంట్ల ఇన్వెస్టిగేషన్, గడువులోగా ముగింపు
- ఎంపవర్ (హెచ్‌పీఎల్‌సీ డేటా) సాఫ్ట్‌వేర్, ఆడిట్ ట్రయిల్ (ఎవరు ఎప్పుడు ఏం మార్చారన్న రికార్డు) రివ్యూ
- ఆడిట్ అబ్జర్వేషన్ల మీద ఇన్వెస్టిగేషన్లు, కాపాలు (దిద్దుబాటు, నివారణ చర్యలు) సకాలంలో ముగించడం
- ఓఎస్‌డీ నేపథ్యం ఉంటే ప్రాధాన్యం

జేడీని చదివిన తీరు

చాలామంది జేడీలో నామవాచకాలని వెతుకుతారు: హెచ్‌పీఎల్‌సీ, ఎంపవర్, ఐసీహెచ్. అవి ఏ క్యూసీ జేడీలోనైనా ఉంటాయి, ఆ టీముకి ఏం కావాలో వాటినిబట్టి తెలియదు. తెలిసేది రెండుసార్లు వచ్చినవాటివల్ల, పక్కన షరతు తగిలించినవాటివల్ల. ఇక్కడ ‘ఇన్వెస్టిగేషన్’ రెండు చోట్ల ఉంది, రెండు చోట్లా పక్కనే ‘గడువులోగా’, ‘సకాలంలో’ అని ఉంది. మామూలుగా నడిచే ల్యాబ్ ఈ మాట రెండుసార్లు రాయదు. ఇన్వెస్టిగేషన్లు పేరుకుపోయి క్యూఏ (క్వాలిటీ అష్యూరెన్స్) వాళ్ల నుంచి ఒత్తిడి ఉన్నప్పుడే జేడీ రాసే మేనేజర్ చేతి నుంచి అది రెండుసార్లు పడుతుంది.

ఇదే ప్లాంటు అంతకు ముందు పెట్టిన వాక్-ఇన్ ప్రకటనలో హెచ్‌పీఎల్‌సీ అనలిస్టులని అడిగారు, 2 నుంచి 4 ఏళ్ల అనుభవం. ఇప్పుడు అడుగుతున్నది 4 నుంచి 7. చేతులు ముందే తీసుకున్నారు, ఇప్పుడు కావల్సింది కారణం వెతికి, రాసి, ఫైలు మూసే మనిషి. ఇది ఊహే, కాదనను. కాని ఆధారం ఉన్న ఊహ. తప్పయినా నష్టం లేదు, ఇన్వెస్టిగేషన్ అనుభవం ముందు పెట్టినందుకు ఏ క్యూసీ మేనేజరూ కాదనడు.

ఇక డిసొల్యూషన్. అది ఒక లైనులో మూడోదిగా ఉంది. ఓఎస్‌డీ నేపథ్యం ‘ప్రాధాన్యం’ మాత్రమే. అంటే తలుపు కొంచెం తెరిచే ఉంది.

మూడు కుప్పలు

జేడీలోని ప్రతి పనినీ మూడు కుప్పల్లో ఒకదాంట్లో వేయించాం. చేత్తో చేసింది, పక్కనుండి చూసింది, చదివి మాత్రమే తెలిసింది. కుప్ప తేల్చే ప్రశ్న ఒక్కటే: దీంట్లో చివరిసారి ఏం తేడా కొట్టింది, ఏం చేశావు? జవాబులో ఒక పీకు (హెచ్‌పీఎల్‌సీ గ్రాఫ్‌లో ఒక పదార్థాన్ని చూపే శిఖరం) పేరో, మెషీన్‌లోని కాలమ్ సమస్యో, ఒక ఫారం నంబరో వస్తే చేత్తో చేసినట్టే. ‘మా సార్ చూసుకున్నారు’ అంటే రెండో కుప్ప. నిర్వచనం చెప్పడం మొదలుపెడితే మూడోది.

ఇక్కడే ఆమెకే తెలియని సంగతులు బయటపడ్డాయి. ‘స్టెబిలిటీ’ని ఆమె రెజ్యూమెలో ఒక్క పదంగా రాసుకుంది. ఎందుకంటే ఏపీఐ స్టెబిలిటీ ఫార్ములేషన్‌కి లెక్కలోకి రాదనుకుంది. నిజానికి రెండింటికీ ఒకే ఐసీహెచ్ క్యూ1ఏ. లాంగ్ టర్మ్ 25 డిగ్రీలు, 60 శాతం తేమ, లేదా 30 డిగ్రీలు, 65 శాతం. యాక్సిలరేటెడ్ 40 డిగ్రీలు, 75 శాతం. లాంగ్ టర్మ్‌లో మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి, ఆపైన ఏడాదికోసారి శాంపిల్ తీయడం. చాంబర్ ఎక్స్‌కర్షన్ (ఉష్ణోగ్రత, తేమ హద్దు దాటడం) వస్తే చేసే పని కూడా ఒకటే. తేడా ప్యాకింగ్‌లో ఉంటుంది. ఏపీఐని డ్రమ్ములో ఉండేట్టే పాలిథిన్ కవరులో కట్టి చిన్న సైజులో పెడతారు, మాత్రల్ని బ్లిస్టర్‌లో, బాటిల్లో పెడతారు. ఆ తేడా నాలుగు రోజుల్లో నేర్చుకునేదే. మొదటి కుప్పలో పడాల్సిన పెద్ద పని ఇన్నాళ్లూ ఒక మూల పడి ఉంది.

వాలిడేషన్‌లో రెండు కుప్పలు కలిశాయి. స్పెసిఫిసిటీ, లినియారిటీ, యాక్యురసీ, ప్రెసిషన్, ఎల్‌ఓక్యూ చేత్తో చేసింది. మెథడ్ ట్రాన్స్‌ఫర్ మాత్రం ఆర్ అండ్ డీ నుంచి వచ్చిన బృందం పక్కన ఉండి చూసింది. కాబట్టి రెజ్యూమెలో వాలిడేషన్ కింద ‘చేశాను’, ట్రాన్స్‌ఫర్ దగ్గర ‘పాల్గొన్నాను’. ఈ రెండు క్రియల తేడాని ప్యానెల్ గమనిస్తుంది. గమనించి, మిగతా చోట్ల ‘చేశాను’ అన్నవాటిని నమ్ముతుంది.

మూడో కుప్పలో పడింది డిసొల్యూషన్ ఒక్కటే.

తిరగరాత

ముందు మాస్టర్ ఫైలు. అయిదున్నరేళ్లలో చేసిన ప్రతి పనీ, పొడుగు ఎంతైనా పర్లేదని, ఒకచోట రాసి పెట్టుకోవడం. దీనికి ఒక రోజు పట్టింది. ఒక్కో ఓపెనింగ్‌కి రెజ్యూమె దీంట్లోంచి కోసి తీస్తారే తప్ప మొదటినుంచి రాయరు. ప్లాంటు లాగ్‌బుక్ ఫొటోలు, మెయిళ్లు ఇంటికి తెచ్చుకుని లెక్కలు కట్టొద్దని ముందే చెప్పాం, అది కంపెనీ రహస్యం. గుర్తున్నంతవరకు తక్కువలో తక్కువగా వేసుకున్న లెక్కే రాయాలి. మందుల పేర్లు, కస్టమర్ల పేర్లు, ఏ ఆడిట్‌లో ఏ అబ్జర్వేషన్ వచ్చిందన్న సంగతులు కూడా రాయకూడదు. ఈ రోజు పాత కంపెనీ గుట్టు రాసినవాళ్లు రేపు మనది రాస్తారని కొత్తవాళ్లూ అనుకుంటారు.

ఆమె పాత లైను ఇది: ‘హ్యాండ్లింగ్ ఆఫ్ ఓఓఎస్, ఓఓటీ, డీవియేషన్స్, చేంజ్ కంట్రోల్ అండ్ కాపా’. క్యూసీలో రెండేళ్లు దాటిన ప్రతివాళ్ల రెజ్యూమెలోనూ అక్షరం పొల్లు పోకుండా ఇదే లైను ఉంటుంది. హ్యాండ్లింగ్ అంటే ఏం చేసినట్టు? ఫారం నింపారా, కారణం కనిపెట్టారా, సంతకం పెట్టారా?

కొత్త లైను, ఇంగ్లీషులో రాసినదాని భావం: ‘గత రెండేళ్లలో 35కి పైగా ల్యాబ్ ఇన్సిడెంట్, ఓఓఎస్, ఓఓటీ ఇన్వెస్టిగేషన్లు ఫేజ్-1 నుంచి కాపా ముగింపు దాకా స్వయంగా రాశాను. ఎక్కువగా రిలేటెడ్ సబ్‌స్టాన్సెస్‌లో అన్‌నోన్ పీకులు, సిస్టమ్ సూటబిలిటీ (మెషీన్, పద్ధతి ఆ రోజు సరిగా పనిచేస్తున్నాయో చూడటం) ఫెయిల్యూర్లు. ఎస్‌ఓపీలోని 30 రోజుల గడువు దాటినవి రెండు, రెండూ బయటి ల్యాబ్ ఫలితం కోసం ఆగినవి.’

చివరి వాక్యం తీసేద్దామని ఆమె పట్టుబట్టింది. లోపం మనమే ఎందుకు చెప్పుకోవాలని. ఉంచమన్నాం. ముప్పై అయిదూ గడువులోగా అయిపోయాయంటే ల్యాబ్‌లో పనిచేసిన ఏ మనిషీ నమ్మడు. రెండు ఆలస్యమయ్యాయి, కారణం ఇదీ అంటే లెక్క చేతిలో ఉన్నట్టు తెలుస్తుంది. పైగా జేడీ రాసినవాళ్ల బాధ గడువే. ఇంటర్వ్యూలో వాళ్లు అడగబోయే ప్రశ్నని మనకి తెలిసిన చోటికి తెచ్చిపెట్టినట్టు అవుతుంది.

వరుస ఇలా పెట్టాం. పైన పేరు, ఫోను, మెయిలు, ఊరు, ఒక లైను హోదా: ‘క్యూసీ, స్టెబిలిటీ, ఏఎంవీ, ల్యాబ్ ఇన్వెస్టిగేషన్లు, 5.5 ఏళ్లు (ఏపీఐ)’. బ్రాకెట్లో ‘ఏపీఐ’ని దాచకుండా రాయడం కావాలని చేసిందే, మొదటి లైనులోనే తెలియాలి. దాని కింద మూడు లైన్ల సారాంశం. వెంటనే అనుభవం, అందులో ఇన్వెస్టిగేషన్, స్టెబిలిటీ, వాలిడేషన్, ఆ తర్వాత రొటీన్ విశ్లేషణ. ఇన్‌ప్రాసెస్ పని రెండు లైన్లకి కుదించాం. ఇన్‌స్ట్రుమెంట్లు పద్నాలుగు నుంచి అయిదుకి తగ్గాయి, ఎంపవర్ పక్కన ఆడిట్ ట్రయిల్ రివ్యూ. బ్యాలెన్స్, పీహెచ్ మీటరు వాడటం తెలుసని ఎమ్మెస్సీ వాళ్లు రాయక్కర్లేదు. పూర్తి పేరు, పొట్టి పేరు రెండూ ఒక్కొక్కసారి వచ్చేలా చూశాం, ఎందుకంటే పోర్టల్‌లో ఒక హెచ్‌ఆర్ ‘ఏఎంవీ’ అని వెతికితే ఇంకొకరు ‘మెథడ్ వాలిడేషన్’ అని వెతుకుతారు.

తండ్రి పేరు, వివాహ స్థితి, డిక్లరేషన్ పోయాయి. కంపెనీ అప్లికేషన్ ఫారంలో అవన్నీ ఎలాగూ మళ్లీ అడుగుతారు. కొందరు ఆధార్, పాన్ నంబర్లు కూడా రెజ్యూమెలో పెడుతున్నారు. ఆ ఫైలు ఎన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుందో ఎవరికీ తెలియదు, దయచేసి పెట్టొద్దు. నాలుగు పేజీలు రెండయ్యాయి, ఒకే కాలమ్, వర్డ్ ఫైలు, దాంట్లోంచే పీడీఎఫ్.

పేరోల్ దగ్గర చిక్కు

అయిదున్నరేళ్లలో మొదటి 14 నెలలు ఆమె కాంట్రాక్టర్ పేరోల్ మీద ఉంది. పనిచేసింది అదే ల్యాబ్‌లో, జీతమూ పీఎఫ్ జమ అయిందీ కాంట్రాక్టర్ పేరు మీద. పాత రెజ్యూమెలో అయిదున్నరేళ్లూ ప్లాంటు పేరే ఉంది. ఆమె దృష్టిలో అది అబద్ధం కాదు, రోజూ వెళ్లింది ఆ గేటులోంచే. కాని ఆఫర్ తర్వాత జరిగే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో యూఏఎన్ (పీఎఫ్ ఖాతాల ఉమ్మడి నంబరు) సర్వీస్ హిస్టరీ చూస్తారు. అక్కడ 14 నెలలు ఇంకో సంస్థ పేరు వస్తుంది. అప్పుడు వివరణ ఇచ్చుకోవడం కంటే ఇప్పుడే రాయడం నయం: ఒకే ప్లాంటు కింద రెండు లైన్లు, ఒకటి ‘కాంట్రాక్టర్ పేరోల్ ద్వారా, 1 ఏడాది 2 నెలలు’, రెండోది ‘కంపెనీ రోల్స్, 4 ఏళ్ల 4 నెలలు’. నెలలు ఈపీఎఫ్‌ఓ పోర్టల్‌లో ఉన్నవే దించాం. ఫార్మా బెల్టులో చాలామంది ఇలాగే మొదలవుతారు కాబట్టి దీన్ని ఎవరూ తక్కువగా చూడరు.

డిసొల్యూషన్ని ఎక్కడ చెప్పాలి

మూడు దారులున్నాయి. తెలుసని రాయడం, దాని ఫలితం ఇదివరకే చూశాం. అసలు ఎత్తకపోవడం, అప్పుడు ప్యానెల్ ముందు బయటపడుతుంది. రెజ్యూమెలోనే ‘అనుభవం లేదు’ అని రాయడం, ఇది వినడానికి నిజాయితీగా ఉంటుంది కాని రెజ్యూమె చేసిన పనుల పత్రం, చేయనివి రాస్తూ పోతే అంతుండదు.

నాలుగోది ఎంచుకున్నాం. రెజ్యూమెలో ఆ మాట ఎక్కడా లేదు. దానితో పంపే మెయిల్లో మాత్రం రెండో వాక్యంగా పెట్టాం: ‘నాది ఏపీఐ నేపథ్యం, డిసొల్యూషన్ స్వయంగా చేయలేదు. స్టెబిలిటీ, క్యూ2 వాలిడేషన్, ఓఓఎస్, ఓఓటీ ఇన్వెస్టిగేషన్లు రోజువారీగా చేస్తున్నాను.’ మెయిలు మొత్తం అయిదు వాక్యాలు. చివర నోటీస్ పీరియడ్ 60 రోజులని, అవసరమైతే కొంత బై-అవుట్‌కి (మిగిలిన నోటీస్ రోజులకి డబ్బు కట్టి ముందే రావడం) సిద్ధమని. ఈ ఓపెనింగ్‌లో 30 రోజుల్లోపు చేరేవాళ్లు కావాలని ఉంది కాబట్టి ఆ మాట దాస్తే హెచ్‌ఆర్ మొదటి ఫోన్‌లోనే ఆగిపోతుంది.

మెయిలు చదివేది మనిషి. పోర్టల్‌లో అప్లై చేస్తే ‘ఓఎస్‌డీ అనుభవం ఎన్నేళ్లు?’ అనే గడిలో సున్నా కొట్టాలి, సున్నాలని పక్కన పెట్టేలా ఫిల్టర్ పెట్టుకునే వీలు హెచ్‌ఆర్‌కి ఉంటుంది. అందుకే పోర్టల్ జోలికి పోకుండా ఆ ప్లాంటులో పనిచేస్తున్న కాలేజీ సీనియర్ ద్వారా ఎంప్లాయీ రిఫరల్‌లో పంపించాం. ఇక్కడ వరుస ముఖ్యం. ముందు పోర్టల్‌లోనో కన్సల్టెన్సీ ద్వారానో ప్రొఫైల్ వెళ్లిపోతే చాలా కంపెనీల్లో కొన్ని నెలలపాటు రిఫరల్ చెల్లదు, సిస్టమ్ డూప్లికేట్ అంటుంది.

ఏం జరిగింది

రెండో వారంలో ఫోను వచ్చింది. టెక్నికల్ రౌండ్‌లో డిసొల్యూషన్ మీద ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. లేదని ముందే తెలుసు కనుక అడిగి సమయం ఎందుకు వృథా చేసుకుంటారు. దానికి బదులు వాలిడేషన్ దగ్గర పట్టారు: “మీది ఏపీఐ కదమ్మా, మాత్రల మెథడ్‌కి స్పెసిఫిసిటీలో అదనంగా ఏం చూస్తారు?” ప్లాసిబో ఇంటర్‌ఫియరెన్స్. మాత్రలో మందు కాని పదార్థాలు పీకుకి అడ్డం రాకూడదు. ఏపీఐలో ప్లాసిబో ఉండదు కాబట్టి ఆమె ఇది చేయలేదు. కాని ఇంటర్వ్యూకి ముందు ఏపీఐకీ ఫార్ములేషన్‌కీ తేడా వచ్చే చోట్లని ఒక కాగితం మీద రాయించి ఉంచాం, అందులో మొదటిది ఇదే.

ఎక్కువసేపు నడిచింది ఓఓటీ మీద. 40/75లో 6 నెలల శాంపిల్, ఒక ఇంప్యూరిటీ లిమిట్‌లోపలే ఉంది గాని 3 నెలల విలువకి రెట్టింపు అయింది, ముందు ఏం చూస్తారని అడిగారు. సిస్టమ్ సూటబిలిటీ, ఇంటిగ్రేషన్ (పీకు వైశాల్యం లెక్కకట్టడం), అదే రోజు తీసిన 25/60 శాంపిల్లో ఆ పీకు ఎలా ఉంది, చాంబర్ లాగ్‌లో ఎక్స్‌కర్షన్ ఉందా, ప్యాకు సరిగా మూసి ఉందా, ఈ వరుసలో చెప్పింది. కారణం రాయకుండా మళ్లీ ఇంటిగ్రేట్ చేయనని కూడా అంది. ఆ మాట దగ్గర ప్యానెల్లో ఒకరు, తమ దగ్గర ఇలాంటి ఫైళ్లు చాలా ఆగిపోయి ఉన్నాయని వాళ్లంతట వాళ్లే చెప్పారు.

ఆఫర్ వచ్చింది. జీతం పెరుగుదల ఆమె ఆశించినదానికంటే తక్కువ, ఏపీఐ నుంచి వచ్చేవాళ్లకి మొదటి మార్పులో ఇది మామూలే. వెరిఫికేషన్‌లో పేరోల్ తేదీలు సరిపోయాయి.

పనిచేయని చోటు

ఈ రెజ్యూమెనే ఆమె ఆఫర్ రాకముందు ఇంకో రెండు చోట్లకి పంపింది. ఒకటి ఆర్ అండ్ డీ అనలిటికల్ విభాగం, మెథడ్ డెవలప్‌మెంట్. రెండోది ఒక ఏపీఐ ప్లాంటులో క్యూసీ రివ్యూయర్. ఏ ఒక్కదాన్నుంచీ జవాబు రాలేదు. మొదటిదానికి ఆమె చేసిన పనే సరిపోదు, వాలిడేషన్ చేయడం వేరు, మెథడ్ కొత్తగా తయారుచేయడం వేరు. రెజ్యూమె ఎంత మార్చినా ఆ ఖాళీ పూడదు. రెండోదానికి ఆమె బాగానే పనికొస్తుంది, కాని అక్కడ కావల్సింది రోజుకి ఎన్ని సీక్వెన్సులు రివ్యూ చేయగలదన్నది. అది ఈ రెజ్యూమెలో చివరి లైనులో ఉంది. మాస్టర్ ఫైలులోంచి ఆడిట్ ట్రయిల్ రివ్యూ భాగం పైకి తెచ్చి ఉంటే పిలుపు వచ్చేదేమో. వడపోత పెట్టుకుని, పంపే ముందు దాన్ని వాడకపోతే ఇలాగే అవుతుంది.

ఇంకొకరికి పనికొచ్చేవి

వేరే రంగం నుంచి వచ్చేవాళ్లు తమ లోటుని ఎంత పెద్దదిగా చూస్తారో ఉమ్మడిగా ఉన్న పనిని అంత చిన్నదిగా చూస్తారు. ఈమె స్టెబిలిటీని ఒక్క పదంతో వదిలేయడం అందుకే. మూడు కుప్పల పని ముఖ్యంగా దీనికే ఉపయోగపడింది, అబద్ధాలు తీయడానికి కాదు.

ఏఐ టూల్‌తో రాయించుకోవడం గురించి చాలామంది అడుగుతున్నారు. మాస్టర్ ఫైలు, జేడీ రెండూ ఇచ్చి ఏవి కలుస్తున్నాయో వెతకమంటే బాగానే చేస్తుంది, ఇంగ్లీషు కూడా సరిచేస్తుంది. అయితే కంపెనీ వివరాలు తీసేశాకే ఇవ్వాలి. ‘ఈ జేడీకి తగ్గట్టు రాయి’ అంటే మాత్రం మూడో కుప్పలోవి కూడా మొదటి కుప్పలో వేసి పెడుతుంది. వచ్చిన ప్రతి లైనుకీ ‘చివరిసారి ఏం తేడా కొట్టింది’ ప్రశ్న మళ్లీ వేసుకోవాలి.

పంపిన ప్రతి రెజ్యూమెకీ ఫైలు పేరులో కంపెనీ, తేదీ పెట్టి దాచుకోవాలి, ఇంటర్వ్యూ నాటికి ఏ వెర్షన్ వాళ్ల చేతిలో ఉందో గుర్తుండదు. ఎదుటివాళ్లకి పంపే కాపీకి మాత్రం పేరు, విభాగం చాలు. జేడీ పేజీని కూడా అప్లై చేసిన రోజే పీడీఎఫ్‌గా సేవ్ చేయాలి. పిలుపు వచ్చేసరికి చాలా కంపెనీలు ఆ పేజీ తీసేస్తాయి, ఈమె విషయంలో కూడా ఫోన్ వచ్చిన రోజుకి అది లేదు.